గుంట అంటే ఏ గుంట?

(చౌటుప్పల్ సాహిత్య సభలో అధ్యక్షోపన్యాసం)



నల్లగొండ కథ గురించో కవిత్వం గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. నేను నాలుగు వాక్యాల రచన గురించి మాట్లాడదలచుకున్నాను. దాని కింద రచయిత పేరుండదు. అది పనిముట్టు వర్ణన.

ఏఐ ఏజెంటు అనే మాట పత్రికల్లో రోజూ చూస్తున్నాం. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోకుండా పని చేసిపెట్టే ప్రోగ్రాం అది. భూమి రికార్డు వెతకడానికి ఒకటి, మార్కెట్ ధర తెలుసుకోవడానికి ఒకటి, ఇలా దానికి కొన్ని పనిముట్లు అప్పగిస్తారు. పనిముట్టు లోపల ఏముందో మామూలుగా దానికి కనిపించదు. పేరు, దాని గురించి రాసిన నాలుగు వాక్యాలు, ఏ వివరాలు అందించాలో చెప్పే పట్టిక కనిపిస్తాయి. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించాక, ఒకరు చేసిన పనిముట్టును మరొకరి ఏజెంటుకు తగిలించడం తేలికైంది. చేసినవారు పక్కన ఉండి చెప్పరు. రాసిన మాటే చెప్పాలి.

మా మేనకోడలు హైదరాబాదులో ఈ పనే చేస్తుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు, "మామా, తెలుగు సరిగ్గ ఉందా చూడు" అని ఒక వర్ణన చూపించింది. "రైతు భూమి విస్తీర్ణాన్ని ఎకరాల్లో ఇస్తుంది" అని ఉంది. భాషలో తప్పు లేదు, లెక్కలో ఉంది. మన పాసుపుస్తకంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఏజెంటు దాన్ని దశాంశంగా చదివితే పన్నెండు గుంటలు మాయమైపోతాయి. మన ఊరి మీదుగా పోయే రోడ్డు మీదే కోదాడ దాటి ఆంధ్రలోకి పోతే అక్కడ లెక్క సెంట్లలో, ఎకరానికి వంద. అక్కడ 2.20 అంటే 2.20 ఎకరాలే. "చుక్క తర్వాత ఉన్నవి గుంటలు, 40 గుంటలు ఒక ఎకరం, దశాంశం కాదు" అని చేర్చమన్నాను. చేర్చింది.

ఆ రాత్రి గుంట అనే మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. కొయ్యలగూడెంలోనో పుట్టపాకలోనో మగ్గం దగ్గర గుంట అంటే నేతగాడు కాళ్లు దించుకొని కూర్చునే గుంట. అదే మనిషి పొలం మాట ఎత్తితే గుంట అంటే కొలత. మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఈ ఊరి గాలి పీల్చని యంత్రానికి చెప్పాలి.

ఇలా చెప్పే విద్య మనకు కొత్త కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశానికి శ్రీకారం చుట్టి, 1962లో వ్యవసాయ పదాల సంపుటాన్ని, 1971లో చేనేత పదాల సంపుటాన్ని వెలువరించారు. అందుకోసం ఊళ్లు తిరిగి, పని చేసే మనుషుల నోటి నుంచే మాటలు సేకరించారు. ఒకే వస్తువుకు జిల్లా మారితే పేరు మారుతుందని గుర్తించి, ఏ మాట ఎక్కడిదో రాశారు. మగ్గం ఎన్నడూ చూడనివాడికి మగ్గాన్ని మాటల్లో చూపించాలన్న పట్టుదల అది. ఏజెంటుకు పనిముట్టు వర్ణన రాసేవారు ముందు ఆ సంపుటాలు తిరగేయాలని నా గట్టి అభిప్రాయం.

మన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం సంగతి మీకు తెలిసిందే. చీర ఒక్కదానికి వేలసార్లు చెయ్యి తిప్పుతూ నూలును ఆసు పోసే తల్లి కష్టం చూడలేక, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అమ్మ చెయ్యి ఆలోచించకుండా చేసే పనిని ఆయన కదలిక కదలికగా విడదీసి చూడవలసి వచ్చింది. వర్ణన రాసేవారి కష్టమూ అలాంటిదే. మనకు మరీ బాగా తెలిసిన సంగతే రాయడం మరచిపోతాం.

పనిముట్టును ఎప్పుడు వాడాలో రాస్తారు గాని, ఎప్పుడు వాడకూడదో రాయరు. ఏమీ దొరకనప్పుడు ఏం చెప్పాలో అసలే రాయరు. నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఇదే. మన ఊరి పేరును చౌటుప్పల్ అనీ రాస్తారు, చౌటుప్పల అనీ రాస్తారు. ఒక రాతతో వెతికితే రికార్డు తగలదు. అప్పుడు పనిముట్టు "లేదు" అంటే, ఏజెంటు రైతుతో "నీ పేర భూమి లేదు" అంటుంది. "దొరకలేదు, ఊరి పేరు మరో విధంగా రాసి చూడు" అంటే ఇంకోసారి వెతుకుతుంది. లేదు, దొరకలేదు. ఈ రెంటికీ తేడా తెలుగు తెలిసినవాళ్లకు పుట్టుకతో తెలుసు. అందుకే ఈ పనిని ఇంజనీర్లకే వదిలేయవద్దని, తెలుగు పంతుళ్లూ కథకులూ నిఘంటుకారులూ వాళ్ల పక్కన కూర్చోవాలని ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను.

మధ్యాహ్నం మన నేతన్నలు రంగు వేసే ముందు నూలుకు చిటికి కట్టడం గురించి చెబుతారు. విద్యార్థులు దాన్ని విని, మగ్గం ముఖం ఎరగనివాడికి అర్థమయ్యేలా ఆరు వాక్యాల్లో రాయాలి. రాసింది మళ్లీ నేతన్నలకే చదివి వినిపించాలి. వాళ్లు తలూపేదాకా దిద్దాలి. కాగితాలు ద్వారం దగ్గర పెట్టించాను.