కృష్ణ యొడ్డున తొలి మానవులు – కడలి దాటి వచ్చిన వర్తకులు

(పాలకీడు గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. భారతమును, భాగవతమును గురువు లేకయే, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని చదివికొంటిని. ఒక్క పద్యమునకు ఒక్క రాత్రి పట్టిన దినములును కలవు. చరిత్ర మాత్రము ఈ గ్రంథాలయము వెలసిన పిదపనే నాకు కొంచెము అబ్బినది. కావున నేడు నేను చెప్పబోవునది ఈ బీరువాలలోని సొత్తే. పొరపాటులున్నచో అవి మాత్రము నావి.

కార్యదర్శిగారు నాకు ‘ఆదిమానవ సమాజములు, ఐరోపావారి సముద్రయానముల ఆరంభము’ అను విషయము నిచ్చిరి. మొదట నాకు నవ్వు వచ్చినది. ఈ రెంటికి నడుమ వేలయేండ్ల యెడమున్నది గదా! ఒకే కాడికి ఏనుగును, ఎద్దును కట్టినట్లున్నదని యనుకొంటిని. తరువాత ఆలోచింపగా ఆ రెండును మన కృష్ణ యొడ్డుననే, ఒకటి మనకు ఎగువను, ఒకటి దిగువను దొరకినవి.

ఎగువనున్నది నాగార్జునకొండ. 1926లో అచ్చటి శిథిలములు ప్రభుత్వపు పురావస్తు శాఖవారి దృష్టికి వచ్చినవి. సాగరు కట్ట కట్టినచో లోయ యంతయు మునిగిపోవునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు తొందర తొందరగా త్రవ్వకములు జరిపిరి. లోకమునకు తెలిసినది బౌద్ధ విహారములు, ఇక్ష్వాకు రాజుల కట్టడములు. అయితే వానికి మిక్కిలి పూర్వమే ఆ లోయలో మనుష్యులుండిరి. రాతిని చెక్కి పనిముట్లు చేసికొన్నవారు మొదట; రాతిని నూరి నునుపుగా చేసి, గొడ్డళ్లుగా వాడి, నేలలో గుంటలు త్రవ్వి పైకప్పు వేసికొని కాపురమున్నవారు పిదప; ఇనుమెరిగి, చచ్చినవారి చుట్టు పెద్ద బండలు వలయముగా నిలిపినవారు ఆ పిదప. కట్ట ముగిసి, 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ నీటిలో కొంత మన చేలకును వచ్చినది. మన వడ్లగింజ వెనుక ఒక మునిగిన లోయ యున్నదన్న మాట.

ఆదిమానవుడనగానే మన పిల్లలు ఆకులు కట్టుకొని గంతులువేయు వానిని బొమ్మగా గీయుదురు. అది న్యాయము కాదు. ఉమ్మడి మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరులో బూడిదదిబ్బ యొకటి యుండెడిది. 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పండితుడు దానిని త్రవ్వించి చూడగా, అది రాక్షసుల బూడిద కాదు, పశువుల దొడ్డి అని తేలినది. నాలుగువేల యేండ్లకు పూర్వమే అచ్చటివారు కంప, మొద్దులు నాటి దొడ్డి కట్టి, పశువులను తోలి, పోగుపడిన పేడను అప్పుడప్పుడు తగులబెట్టిరి. ఆ దొడ్డి నేలపై ఆవుల గిట్టల గురుతులు చెరగక నిలిచియుండెను! సాయంకాలము పసులు ఇల్లు చేరు వేళ మన వీధిలో నిలుచుండి చూచినచో ఆ ఆదిమానవుని కాపురము నాకు అంత దూరముగా తోచదు.

ఇచ్చట నేను ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. సుమారు ముప్పది యేండ్ల క్రిందట, ఈ ప్రాంతముననే, ఒక చెరువుకట్టకు రాతిపని జరిగినది. ఆ పనికి లెక్కవ్రాయువాడను నేను. రాయి చాలక, సమీపమున బీడులోనున్న బండల వలయమును పెకలింప నిశ్చయించిరి. ఒక ముసలి గొల్ల వచ్చి, “పంతులూ, అవి రాకాసిగుళ్లు, ముట్టొద్దు” అనెను. నేను నవ్వితిని. రాకాసులున్నచో కూలి ఇచ్చి పనిలో పెట్టుకొందుమంటిని. అందరును నవ్విరి. బండల క్రింద కుండపెంకులు, తుప్పుపట్టిన ఇనుపముక్కలు, ఎముకల పొడి బయటపడినవి. పారలతో ప్రక్కకు తీసివేసిరి. నా పుస్తకములో ఆనాటి పద్దు ఇట్లున్నది: ‘బండలు 14, బండ్లు 6.’ అంతే.

ఏడెనిమిదేండ్ల తరువాత ఈ గ్రంథాలయములో నాగార్జునకొండనుగూర్చిన పుస్తకము తెరచితిని. అందు బండల వలయపు చిత్రము చూచి పుస్తకము మూసివేసితిని. ఆ దినము మరేమియు చదువలేకపోయితిని.

ఇక సముద్రము సంగతి. ఐరోపావారు వచ్చి మనలను కనుగొనిరని నేను బడిలో వల్లించితిని. మనము తప్పిపోయినవారమా, కనుగొనుటకు? క్రీస్తుశకపు తొలి శతాబ్దిలోనే గ్రీకు నావికుడొకడు మసలియా తీరపు సన్నని బట్టలను గూర్చి వ్రాసెను; మసలియా యనగా మన కృష్ణా ముఖద్వార ప్రాంతము. నాగార్జునకొండలో రోమను బంగారు నాణెములు దొరకినవి. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. తుపానుకు ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన సరకును పూర్వపు రాజులు లాగికొనెడివారు. తాను సుంకము తప్ప మరేమియు తీసికొననని ఆయన మాట. సుంకము ముప్పదింట ఒక పాలు. లెక్కలవాడను గనుక ఆ అంకె చదివినపుడు నాకు కావ్యము చదివినంత ఆనందమైనది. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియైన అవచి తిప్పయసెట్టి, ద్వీపాంతరములనుండి సుగంధద్రవ్యములు తెప్పించిన వర్తకుడే గదా!

వెనీసు నగరపు మార్కోపోలో 1290 దరిదాపున ఈ తీరమునకు వచ్చినట్లు చెప్పుదురు. ఈ దేశమును రాణి యేలుచున్నదనియు, వజ్రములు దొరకుననియు, సాలెపురుగు గూటివంటి సన్నని బట్ట నేయుదురనియు అతని గ్రంథములో నున్నది. పాములలోయలో మాంసఖండములు విసరినచో, వానికంటుకొన్న వజ్రములను గ్రద్దలు పైకి తెచ్చుననియు నున్నది. ఇది మన పేదరాశి పెద్దమ్మ కథకు తీసిపోదు.

అటువంటి కథలు విని, ఆ సరకు అరబ్బుల చేత, వెనీసువారి చేత మారి మారి తమ చేతికి వచ్చుసరికి వెల పదింతలగుట చూచి, పోర్చుగీసువారు స్వయముగా దారి వెదకనారంభించిరి. ఆఫ్రికా తీరము వెంట జరుగుచు జరుగుచు 1488లో దాని దక్షిణపు కొన దాటిరి. 1492లో స్పెయిను రాణి పంపగా కొలంబసు పడమటగా పోయి, తాను చేరినది ఇండియాయే అనుకొనెను. అచ్చటి ద్వీపవాసులు అతనికి త్రాగ నీరు, తిన పండ్లు ఇచ్చిరి. ఒకటి రెండు తరములలో బానిసత్వముచేతను, కొత్త రోగములచేతను ఆ జనము దాదాపు తుడిచిపెట్టుకొని పోయినది. 1498లో వాస్కో డ గామా, తూర్పు ఆఫ్రికాలోని మలిందిలో దారి తెలిసిన నావికుని తోడు తీసికొని కోళిక్కోడు చేరెను. జామొరిన్ రాజునకు అతడు తెచ్చిన కానుకలలో గుడ్డలు, టోపీలు, చక్కెర, నూనె, తేనె యుండినవి. కొలువువారు చూచి నవ్విరట. ఆ నవ్వు ఎక్కువకాలము నిలువలేదు.

మన రేవు మచిలీపట్టణము. అచ్చటికి 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వచ్చి కోఠీలు పెట్టిరి. వారికి కావలసినది మన అద్దకపు బట్ట. ఆ బట్టను తూర్పు ద్వీపములకు కొనిపోయి, దానికి మారుగా మిరియాలు, లవంగాలు తీసికొని, ఐరోపాలో అమ్మెడివారు. నేడు సూర్యాపేట, కోదాడల మీదుగా లారీలు పోవు 65వ జాతీయ రహదారి ఆ మచిలీపట్టణముననే ముగియుచున్నది. గోలకొండ సరకు సముద్రమునకు పోయినదియు ఆ దిక్కుననే.

బట్ట తరువాత వజ్రము. మనకు దిగువన, కృష్ణకు ఆవలి యొడ్డున కొల్లూరు గని యుండెడిది. పదునేడవ శతాబ్ది నడుమ టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు అచ్చటికి వచ్చి చూచి, 1676లో పారిసులో ప్రకటించిన తన యాత్రాగ్రంథములో వ్రాసెను. చిరుధాన్యము చల్లుటకు నేల త్రవ్వుచున్న పేదవానికి ఇంచుమించు ఇరువదియైదు కారట్ల రాయి దొరకగా ఆ గని బయలుపడినదట. తాను చూచునాటికి స్త్రీలు, పిల్లలు, పురుషులు కలిసి అరువదివేల మంది పని చేయుచుండిరట. పురుషులు త్రవ్వెదరు, స్త్రీలు, పిల్లలు మన్ను మోసెదరు. ఆ మట్టిని గోడకట్టిన మడిలో పోసి, నీటితో కడిగి, ఆరబెట్టి, ధాన్యమువలె తూర్పారబట్టి, మిగిలిన గులకలను చేతులతో వెదకెదరు. వేరొక గనిలో పనివానికి ఏడాదికి కూలి మూడు వరహాలనియు, ఆ యేబదిమందికి పండ్రెండు, పదునైదుగురు కావలివారుండిరనియు అతడే వ్రాసెను. కావలికైన వ్యయము కొంత కూలికి కలిపినచో కావలియే అక్కరలేకపోవును గదా యని నాకు తోచినది. అది యజమానులకు తోచలేదు.

టావెర్నియే ప్రతి రాతి తూకమును వ్రాసెను, ఆకారమును వ్రాసెను, వెలను వ్రాసెను. అతడు కొని ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి అమ్మిన నీలివజ్రము కొల్లూరుదేనని పలువురి అభిప్రాయము. దానినుండి చెక్కిన రాయి 1958 నుండి అమెరికాలో ఒక ప్రదర్శనశాలలో నున్నది. ఆ అరువదివేలమందిలో ఒక్కని పేరైనను అతని గ్రంథములో నాకు దొరకలేదు. మొదట అతనిమీద కోపము వచ్చినది. పిమ్మట నా పద్దు జ్ఞాపకమునకు వచ్చినది: ‘బండలు 14.’

కొల్లూరు గనులును ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటి క్రిందనే యున్నవి. ఎగువ లోయ ఒక కట్టకు, దిగువ గని ఒక కట్టకు పోయినవి. నీరు వలదని నేననను. పంట పండుచున్న నేలపై నిలుచుండి అట్లనుట కృతఘ్నత. అయితే ఆ లోయ మునుగుటకు ముందు ఆరేండ్లు కూర్చుండి కొలిచి, చిత్రించి, వ్రాసికొన్నవారుండిరి. నేను కదలించిన బండలకు అట్టివా రొక్కరును లేరు.

కావున కార్యదర్శిగారి అనుమతితో నేనొక నోటుపుస్తకము కుట్టించి తెచ్చితిని. మీ చేలలో, బీళ్లలో, గట్లమీద బండల వలయము గాని, నునుపైన రాతిగొడ్డలి గాని, వ్రాత యున్న రాయి గాని కనబడినచో, దానిని కదలింపక, సర్వే నంబరును, తేదీని, చూచినవారి పేరును అందు వ్రాయుడు. వ్రాత రానివారు నాకు చెప్పుడు, నేను వ్రాసెదను. గొఱ్ఱెలు కాచువారికి మనకంటె ఎక్కువ తెలియును. వారిని ముందుగా అడుగుడు. ఏడాదికొకమారు ఆ పుటలకు ప్రతి తీసి పురావస్తు శాఖవారికి పంపెదము.

పుస్తకము రెండవ బీరువాలో, చరిత్ర గ్రంథముల అరలో నున్నది. మొదటి పుటలో ఆ చెరువుకట్ట పద్దును, గొల్ల చెప్పిన మాటను, బండలున్న చోటును నేనే వ్రాసి సంతకము చేసితిని. రెండవ పుట ఖాళీగా నున్నది.