సెకండ్ హ్యాండ్ ఇంజిన్ బాగానే తిరుగుతోంది, మరి విప్పాలా?

ఈరోజు పాత బొలేరో పికప్‌కి సెకండ్ హ్యాండ్ ఇంజిన్ మార్చడం గురించి మాట్లాడుకుందాం. ఇది సరదాకి చేసే పని కాదు, పికప్ అంటే చాలామందికి అన్నం పెట్టే బండి. మా బాబాయి బండే తీసుకోండి, నూజివీడు తోటల నుంచి మామిడికాయలు తోలుతుంది. సరిగ్గా సీజన్‌లో కనెక్టింగ్ రాడ్ విరిగి, బ్లాక్‌ని పగలగొట్టుకుని బయటికొచ్చింది. బ్లాక్‌కి అంత కన్నం పడ్డాక రిపేరు మాట మర్చిపోవాల్సిందే, వేరే ఇంజిన్ వెతకాలి. బండి ఆగినా ఫైనాన్స్ వాయిదా ఆగదు కదా.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాం. అక్కడ వినిపించే మొదటి మాట, "2523 సీసీయే కదండీ, సరిపోద్ది" అని. ఇక్కడే జాగ్రత్త. పాత డీఐ ఇంజిన్ 2523 సీసీ, తర్వాత వచ్చిన ఎం2డీఐసీఆర్ కూడా 2523 సీసీయే. కానీ పాతదానిది మెకానికల్ డీజిల్ పంపు, కొత్తది కామన్ రైల్. దానికి ఈసీయూ, సెన్సర్లు, వైరింగ్ అన్నీ కావాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, ఫైల్ పేరు ఒకటే, లోపల కోడ్ వేరు. అందుకే సీసీ కాదు, ముందు పంపు చూడండి.

సరే, మాకు సరైన డీఐ ఇంజినే దొరికింది. చేత్తో తిప్పితే క్రాంక్ నున్నగా తిరిగింది. ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు లేదు, అంటే ఆయిల్‌లో నీళ్లు కలవలేదనుకోవచ్చు. బాబాయి, "ఒరేయ్, బాగానే తిరుగుతోంది, ఎక్కించేద్దాం, మళ్లీ విప్పితే నాలుగు రోజులు పోతాయి" అన్నారు. ఆయన తొందర న్యాయమే. కానీ నున్నగా తిరగడం వేరు, లోడ్ మీద నిలబడటం వేరు. ఎంత చెప్పినా వినలేదు, చివరికి మెకానిక్ అన్న ఆయిల్ చాంబర్ ఒక్కటీ విప్పుదామన్నాడు. బిగ్ ఎండ్ బేరింగ్ విప్పి చూస్తే రెండు షెల్స్ మీద రాగి రంగు తేలింది. పైపూత అరిగిపోయిందన్నమాట. అలాగే బిగించి ఉంటే ఆ రాడ్డు కూడా ఏదో ఒకరోజు బయటికొచ్చేది.

ఇక మొత్తం విప్పాల్సిందే. క్రాంక్ లేత్‌కి వెళ్లింది. మన మెకానిక్‌లు "పది సైజు, ఇరవై సైజు" అంటారు చూడండి, అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. పది సైజు అంటే క్రాంక్‌ని 0.25 మిల్లీమీటర్లు సానబట్టి, దానికి సరిపోయే మందమైన షెల్స్ వేయడం. మాది పదికే శుభ్రపడింది. రింగులు మాత్రం పిస్టన్‌కి ఎక్కించే ముందు ఒక్కొక్కటీ బోర్‌లో పెట్టి, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ కొలిపించండి. కొత్తవే కదా అని వదిలేస్తారు చాలామంది.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగ్, వెనక ఆయిల్ సీలు చూసేయండి. వీటికోసం మళ్లీ గేర్‌బాక్స్ దింపాలంటే డబుల్ కూలి.

మొదటి స్టార్ట్‌కి ముందు డీజిల్ ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో కొంచెం కొంచెంగా ఆపి ఆపి తిప్పండి. ఆ తర్వాతే పంపులో గాలి తీసి స్టార్ట్ చేయాలి.

ఇంకొకటి, ఎక్కువమంది మర్చిపోయేది. ఇంజిన్ మారితే నంబరూ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి, ఆర్‌సీలో మార్పించుకోవాలి. అందుకే కొనేటప్పుడే బిల్లు అడగండి, బ్లాక్ మీద నంబరు దగ్గర గ్రైండింగ్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. గుర్తులుంటే ఎంత చవకైనా వదిలేయండి, అది దొంగ బండిది కావచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకీ కొత్త నంబరు చెప్పి పాలసీలో ఎక్కించుకోండి. బాబాయి ఆ పని మొన్న సోమవారమే చేశారు.