బాలవాక్కు - పెద్దల బాధ్యత

(పట్టణ పఠనమందిర వార్షికసభయందు మేము చేసిన ప్రసంగము. సభ్యులు కోరినందున ఇచ్చట ప్రకటించుచున్నాము.)



నేటి సభారంభమున పదేండ్ల బాలుడొకడు వేదిక నెక్కి, లంచగొండితనమును గూర్చి పావుగంటసేపు ప్రసంగించెను. ఉచ్చారణ నిర్దుష్టము, ఎచ్చటను తడబాటు లేదు. సభ యంతయు కరతాళధ్వనులతో మారుమ్రోగెను. మేమును చప్పట్లు కొట్టితిమి. అతడు దిగివచ్చిన పిదప దగ్గరకు పిలిచి, "నాయనా, లంచ మనగా నేమి? నీ వెప్పుడైన చూచితివా?" అని యడిగితిమి. బాలుడు మారుపలుకక తండ్రి ముఖమువంక చూచెను. ఆ చూపు మమ్ము కలతపెట్టినది. అందుచే మేము సిద్ధపరచుకొన్న ప్రసంగమును ప్రక్కనుంచి, ఆ చూపును గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిమి. బాలుని తప్పెన్నుటకు గాదు. తప్పు చప్పట్లు కొట్టిన మనది.

బుద్ధిమంతులగు పిల్లలను పెద్దల విషయములపై మాటలాడ ప్రోత్సహింపవచ్చునా? ఈ విషయమున మనలో రెండు పక్షములు కలవు. "బాలవాక్కు బ్రహ్మవాక్కు" అని మొదటి పక్షము. "పెద్దల నడుమ పిల్లల కేమి పని" అని రెండవది. విచిత్రమేమన, ఒకే యింటి యజమాని ఉదయమున రెండవ పక్షమునను, సాయంకాలము చుట్టములు వచ్చినపుడు మొదటి పక్షమునను ఉండును. ఇంటిలో ప్రశ్న వేసిన బిడ్డను గద్దించి, వీధిలో పాఠము వల్లించిన బిడ్డను మెచ్చుకొనుట మన యలవాటు.

మన పూర్వులు బాలుర నోరు మూయలేదు. జనకుని ద్వారమున బాలుడని అడ్డగింపబడిన అష్టావక్రుడు వాదించి లోనికి పోయెను. నచికేతుడు తండ్రి దానమిచ్చుచున్న ముసలి గోవులను చూచి, నన్నెవరికిత్తువని యడిగెను. ఇందు గమనింపదగిన దొకటి కలదు. నచికేతుని కా ప్రశ్నను ఎవ్వరును వ్రాసి యీయలేదు. అతడు కన్నులార చూచెను, మనసున బాధపడెను, అడిగెను. తండ్రికి కోపము వచ్చినది. నిజమైన బాలవాక్కునకు తరచుగా లభించునది చప్పట్లు కాదు, పెద్దల కోపమే.

మన దేశముననే, మన భాషలోనే, ఇటీవలి కాలపు నిదర్శన మున్నది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి బాల్యవివాహపు కష్టమును స్వయముగా నెరిగినది. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినపుడు, పండ్రెండేండ్ల యీ బాలిక పట్టుపట్టి, దేవదాసీలకును ఘోషాస్త్రీలకును ఆయనతో సమావేశము కలిగించెను. తాను హిందీ నేర్చి, తోడి బాలికలకు నేర్పెను. 1923లో కాకినాడ కాంగ్రెసునాటి ప్రదర్శనశాల ద్వారమున నిలిచి, టిక్కెట్టు లేని జవహర్లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. ఆ బాలికను పెద్దలు ఉపన్యాసమునకు మాత్రమే వాడుకొనలేదు, పని నిచ్చిరి. ఇంకొక ముఖ్య విషయము. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయి వచ్చిన పిదప ఆమె మరల చదువునకు కూర్చుండెను. పట్టభద్రురాలై, న్యాయవాదియై, రాజ్యాంగసభలో సభ్యురాలయ్యెను. వేదికనుండి దిగి బడికి పోగలిగినందుననే ఆమె పెద్దదయ్యెను.

దిగనీయని లోకము ఏమి చేయునో విలియం జేమ్స్ సైడిస్ కథ తెల్పును. 1898లో అమెరికాలో జన్మించిన యీ బాలుడు పదునొకండేండ్లకే హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. 1910లో అచ్చటి గణితజ్ఞుల యెదుట నాలుగు పరిమాణముల వస్తువులను గూర్చి ప్రసంగించెను. ఆ విద్య అతనికి స్వంతమే, వల్లించినది కాదు. అయినను పత్రికల వెలుగు అతనిని కాల్చినది. పెద్దవాడై చిన్న గుమాస్తా పనులు చేసికొనుచు మరుగున బ్రతుకగోరెను. 1937లో ఒక పత్రిక అతనిని వెదకి పట్టుకొని వ్యాసము ప్రకటించెను. వ్యాజ్యము వేసెను, 1940లో న్యాయస్థానము పత్రిక పక్షముననే తీర్పు చెప్పెను. 1944లో, నలుబదియారేండ్ల వయస్సున మరణించెను. ఆనాడు పత్రిక ఇరువదియేడేండ్లకు వెదకికొని వచ్చినది. నేడు మన చేతిలోని ఫోనులో పట్టిన బాలుని మాట ఒక్కరోజైనను అతనిని విడువదు. పదేండ్లనాడు పలికిన దానికి ముప్పదియేండ్లనాడు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును.

ఇక పెద్దల మాట. పద్మవ్యూహమును చొచ్చుట అభిమన్యుడు నేర్చెను, వెలువడుట నేర్వలేదు. ఆ సంగతి అతడు దాచలేదు, ముందే చెప్పెను. "నీవు దారి చేయుము, మేము వెంట వచ్చెదము" అని పెద్దలు మాట యిచ్చిరి. సైంధవు డడ్డగించెను; మాట యిచ్చినవారు వెలుపలనే నిలిచిపోయిరి. అభిమన్యుని శౌర్యమును గూర్చి కన్నీరు కార్చుచు పాడుకొందుము గాని, ఆ మాటను గూర్చి ఎంద రాలోచింతుము? లంచమిచ్చి పనులు చేయించుకొనివచ్చిన మనమే, పిల్లవానిచేత లంచమును దూషింపజేసి, మన ధర్మము తీరిన దనుకొనుచున్నాము. మనము పలుకవెరచిన మాటను బిడ్డచే పలికించుట ప్రోత్సాహము కాదు, పిరికితనము.

అట్లని పిల్లలు మౌనముగా నుండవలెనని మేము చెప్పము. 1989లో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో, తమకు సంబంధించిన విషయములలో అభిప్రాయము చెప్పు హక్కు బిడ్డలకు కలదని యున్నది. వయస్సును, పరిపక్వతను బట్టి ఆ మాటకు విలువ నీయవలెననియు నున్నది. 1992లో మన దేశము అందు చేరినది. బడి పైకప్పు కారుచున్నదా, త్రాగునీ రున్నదా, ఆడపిల్లలు దారిని భయము లేక వచ్చుచున్నారా - ఇవి పెద్దల విషయము లని యెవరనిరి? పాకిస్థానులోని స్వాత్ లోయలో 2009లో, పదునొకండేండ్ల మలాలా తన బడిని గూర్చియే మారుపేరుతో దినచర్య వ్రాసెను. ఆ మాట పూర్తిగా ఆమెదే. కాని మారుపేరు తొలగి లోకమామె నెరిగిన పిదప, 1912 కాదు, 2012లో, మన కాలముననే, బడి బండిలో ఆమెపై తుపాకి కాల్చిరి. ఆమె బ్రతికినది, 2014లో నోబెల్ బహుమతియు వచ్చినది. బహుమతిని చూచి గాయమును మరువరాదు.

కావున బిడ్డను వేదిక నెక్కించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. ఆ మాట బిడ్డదేనా? ఎదురుప్రశ్న వచ్చినపుడు తండ్రి ముఖము చూడక బదులు చెప్పగలడా? వలదనిపించిననాడు దిగివచ్చుటకు దారి యున్నదా, వెంట మన మున్నామా? మూడింటికిని అవునని చెప్పగలిగిననాడు నిరభ్యంతరముగా నెక్కింపుడు.

ఈ పఠనమందిర సభ్యులకు మా విన్నపమొకటి. నెలకొక సాయంకాలము పిల్లల కీయుడు. ఆనాడు పిల్లలు ప్రశ్నింపవలెను, పెద్దలు బదులీయవలెను, ఫోనులు వాకిటనే యుండవలెను. తెలియని దానిని తెలియదని చెప్పుటకు మనము సిగ్గుపడరాదు. ఇందాకటి బాలుడు ఆ సభకు తప్పక రావలెనని కోరుచున్నాము. "నాయనా, లంచ మేల యిచ్చితివి?" అని అతడు తన తండ్రిని గాని, మమ్ము గాని అడిగిననాడు, మేము చప్పట్లు కొట్టము. తల వంచుకొని సమాధానము చెప్పెదము.