శరణాలయపు కుక్క – ఇంటివారి నిర్ణయము

(మన సంఘ సమావేశమునందలి ప్రసంగ పాఠము)



మేము నేడు ఒక కుక్కను గూర్చి మాటాడ నిలిచితిమి. నవ్వవలదని వేడుకొనము, నవ్వుచునే వినుడు. శరణాలయమునుండి కుక్కను తెచ్చుకొందమా, వలదా యని మా ఇంట రెండు మాసములు వాదోపవాదములు సాగినవి. మీ ఇండ్లలోను పిల్లలు ఇట్టి కోరికనే కోరుచున్నారని వినుచున్నాము. కావున మేము ఆలోచించిన తీరును మీకు విన్నవింతుము.

ఈ విషయమున మన చెన్నై నగరమునకు మంచి చరిత్ర కలదు. కెప్టెన్ వి. సుందరం గారు బ్లూ క్రాస్ సంస్థను 1959లో ఇచ్చటనే నెలకొల్పిరి. జంతుహింసను నివారించుటకై రాజ్యసభలో పాటుపడిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ గారును ఈ నగరమువారే. 1960లో చట్టము వెలసినది. ఆశ్రితజంతువును ఆకలిదప్పులకు విడిచిపెట్టుట ఆ చట్టము ననుసరించి నేరము. అనగా కుక్కను తెచ్చుకొనుట మన యిష్టము. తెచ్చిన పిదప వీధిపాలు చేయుట మన యిష్టము కాదు.

మా కుమారుడు మొదట రాజపాళయపు కుక్కను కొందమనెను. తెలుగు మాటాడు రాజులు తరతరములుగ స్థిరపడిన పట్టణమది. ఆ కుక్క బొమ్మతో తపాలాశాఖవారు 2005లో బిళ్ళను గూడ వెలువరించిరి. మనకు గర్వకారణమే. కాని అది వేటకును, కావలికిని పెంచిన జాతి. పరుగెత్తుటకు చోటు కావలయును. రెండు గదుల వాటాలో దానిని కట్టివేసి గర్వించుట తగదు. శరణాలయములలో అధికభాగము ఊరకుక్కలే. అవి మన యెండకును వానకును అలవడినవి. వాని కులగోత్రములను అడుగువారు లేరు గనుకనే అవి అచ్చట నున్నవి.

మా తల్లిగారికి డెబ్బదియెనిమిదేండ్లు. చేతికఱ్ఱ లేనిదే నడువలేరు. ఆమె ఒప్పుకొనలేదు. పిల్లలు భారతమును ముందుకు తెచ్చిరి. "ధర్మరాజు కుక్కను విడువనన్నాడు గదా, అవ్వా!" అనిరి. "ధర్మరాజు కుక్కతో స్వర్గానికి నడిచాడే గాని, దాని వెనుక ఇల్లు తుడవలేదు నాయనా!" అని ఆమె బదులు చెప్పిరి. ఇంటివారందరును నవ్విరి. కాని ఆ మాటలో నిజమున్నది. దయ ఒక పూటది, చాకిరి పండ్రెండేండ్లది.

అంతట ఒక కాగితముపై పనులన్నియు వ్రాసితిమి. తెల్లవాఱుజామున నడిపించునది ఎవరు? వర్షమున ఎవరు? ఏటేట రేబిస్ టీకా వేయించుట, నగరపాలక సంస్థ అనుమతిపత్రము పొందుట ఎవరి వంతు? ఉల్లి, ద్రాక్ష, చాకొలెట్టు కుక్కకు హాని చేయును. మన పులుసన్నము దానికి పెట్టరాదని గుర్తుంచుకొనునది ఎవరు? దీపావళి టపాకాయలకు అది వణకునప్పుడు ప్రక్కన కూర్చుండునది ఎవరు? పెండ్లికి ఊరు వెళ్ళినచో చూచువారెవరు? పిల్లలు పైచదువులకు వెడలిన పిదప దాని ముసలితనము ఎవరి పాలు? ప్రతి పనికెదుట పేరు వ్రాయించితిమి. పేరులేని పని మిగిలియుండగా కుక్క మాట ఎత్తరాదని నియమము చేసితిమి.

పిదప నాలుగు ఆదివారములు తల్లిగారితో గూడ శరణాలయమునకు పోతిమి. పిల్లలు మనసుపడిన పడుచుకుక్క ఆమె చేతికఱ్ఱను చూడగనే మూలకొదిగి గుఱ్ఱుమనెను. ఎవరి చేతి దెబ్బలు తిన్నదో! మా అమ్మాయి కంట నీరు పెట్టుకొన్నది. అయినను దానిని తేలేదు. ఆ కఱ్ఱ మా ఇంట అనుదినము కదలుచుండును. దానికిని భయమే, తల్లిగారికిని అపాయమే. నాలుగవ వారము అయిదేండ్ల ఆడుకుక్క యొకటి ఆమె కుర్చీచెంత వచ్చి పండుకొన్నది. కఱ్ఱ నేలపై తగిలినను లేవలేదు. కూనపై మోజు సహజమే. కాని పెరిగిన కుక్క స్వభావము ముందే తెలియును. ముసలివారున్న ఇంటికి అదియే మేలు.

తల్లిగారు దాని తల నిమిరి, "దీపావళి పోనీయండి, తరువాత తెద్దాం" అనిరి. ఆ మాట ఆమె నోట వచ్చువరకు మేము నిర్ణయము చేయలేదు. ఇంటిలో ఒక్కరైనను మనసున వలదనుకొనుచు నోట సరే యన్నచో, ఆ భారము కడకు నోరులేని జీవముపైననే పడును. తెచ్చిన తొలిదినములలో అది తినకపోవచ్చును, మంచము క్రింద దాగవచ్చును. ఓర్పు వహింప నిశ్చయించితిమి. ఇంతకాలము తమిళపు పిలుపులు విన్నది. మన "రా"యును నేర్చుకొనగలదు.

చర్చించి వలదనుకొనిన కుటుంబమును మేము నిందింపము. ఇల్లు చాలనివారు, ఓపిక లేనివారు ఆ శరణాలయమునకే బియ్యము పంపవచ్చును. సెలవుదినమున పిల్లలను సేవకు తోడ్కొని పోవచ్చును. తెచ్చి తిరిగి అప్పగించుటకంటె తేకుండుటయే దయ. కావున మీ ఇంట పిల్లలు అడిగినప్పుడు గద్దింపవలదు, తొందరపడి తలయూపవలదు. కాగితము తెచ్చి, పనులు వ్రాసి, పేర్లు అడుగుడు.