గాబులో దోమ, వరిమడిలో దోమ
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు విన్నారు. ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చి నరసరావుపేటలో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ నెల వాయిదా ఆగిపోతుంది. అందుకే మేము దోమల సంగతి ఎత్తుకున్నాం.

దోమ వైరస్‌ను మోస్తుంది. ఆ వైరస్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తేనే ఎక్కడ అడ్డుకోవాలో తెలుస్తుంది.

మెదడువాపు సంగతి చూడండి. మన దేశంలో జపనీస్ మెదడువాపును మొదట గుర్తించింది 1955లో, వేలూరు ప్రాంతంలో. ఈ వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. వరిమళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ పొద్దుగూకిన తర్వాత కుట్టి దాన్ని మనుషులకు తెస్తుంది. పంది పైకి బాగానే కనిపిస్తుంది, చూలు పంది మాత్రం చచ్చిన పిల్లల్ని ఈనవచ్చు. ఎక్కువమంది మనుషులకు ఏమీ కాదు. కానీ మెదడు వాచినవారిలో నూటికి 30 మంది దాకా చనిపోతారు. జబ్బుపడ్డ బిడ్డ నుంచి ఇంకొకరికి అంటదు. ఆ ఇంటిని వెలివేసినట్టు చూడొద్దు. జ్వరంతో ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి. దీనికి టీకా ఉంది, ఏఎన్ఎంను అడగండి.

పశువులకు వచ్చే మూడు రోజుల జ్వరం కూడా వైరస్సే. దోమలు, చిన్న కుట్టే పురుగులు దాన్ని మోస్తాయి. పశువు కాళ్ళు పట్టేసి కుంటుతుంది, పాలు తగ్గుతాయి. ఇది మనుషులకు రాదు. పశువైద్యుడికి చూపించి, కొట్టం దగ్గర మురుగు నిలవకుండా చూసుకోవాలి.

డెంగీ దారి వేరు. దానికి పందీ అక్కర్లేదు, కొంగా అక్కర్లేదు. మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి. ఆ దోమ పగలు కుడుతుంది, మన గాబుల్లో, డ్రమ్ముల్లో, కుడితి తొట్లలో పుడుతుంది. నీళ్ళ ఎద్దడి ఉన్న ఊళ్ళలో నీళ్ళు పట్టి దాచుకోక తప్పదు. దాచుకుందాం, కానీ మూతపెట్టి దాచుకుందాం. గుడ్లు గాబు గోడకు అంటుకుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్ళు పారబోస్తే చాలదు, పీచుతో గోడలు రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి ఇంచుమించు వారం పడుతుంది. అందుకే వారానికోసారి.

ఇంకో ముఖ్యమైన మాట. డెంగీలో జ్వరం తగ్గిన రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అప్పుడే రక్తనాళాల నుంచి నీరు బయటికి కారి మనిషి కుప్పకూలవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప నొప్పుల ఇంజెక్షన్లు, బిళ్ళలు వద్దు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

ప్రతి శుక్రవారం గాబులు కడగాలని ఈ నెల మీటింగులో ప్రతి సంఘం తీర్మానం పుస్తకంలో రాసుకోండి. వచ్చే మీటింగులో పొదుపు కట్టారా అని అడిగినట్టే, గాబు కడిగారా అని కూడా ఒకరినొకరం అడుగుదాం.