వాటాలు పడి నిలిచిన సౌధం: స్ప్లిట్‌లో డయొక్లీషియన్ భవనం



పాత కట్టడం చూడబోతే, అందులో ఇప్పుడెవరు కాపురముంటున్నారో ముందు కనుక్కోమని కీర్తిశేషులైన మా ఆచార్యులవారు మాకు చెప్పేవారు. ఆ మాటకు నాకు తెలిసినంతలో అతి గొప్ప నిదర్శనం క్రొయేషియాలోని స్ప్లిట్. ఏడ్రియాటిక్ సముద్రపుటొడ్డున ఒక రోమన్ చక్రవర్తి కట్టించుకున్న ఇల్లు వాటాలుగా పంచుకుపోయి ఊరైంది. అలా వాటాలు పడబట్టే అది మనదాకా నిలిచిందన్నది ఈనాటి నా ప్రతిపాదన.

డయొక్లీషియన్ 305లో సింహాసనాన్ని తనంతట తానే వదులుకుని, సలోనా నగరానికి దగ్గరలో కట్టించుకున్న ఈ భవనంలో శేషజీవితం గడిపాడు. సుమారు 215 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు ఉన్న దీని రూపం సగం కోట, సగం సౌధం. చుట్టూ ఎత్తయిన గోడ. లోపల ఒకదాన్నొకటి ఖండించుకునే రెండు వీధులు. ఉత్తరపు సగం సైనికులకు, పరివారానికి. దక్షిణపు సగంలో సముద్రానికి ఎదురుగా చక్రవర్తి మందిరాలు, ఆలయాలు, ఆయన సమాధి. సున్నపురాయి చాలావరకు దగ్గరలోని బ్రాచ్ దీవి నుంచి వచ్చింది. గ్రానైట్ స్తంభాలను ఈజిప్టు నుంచి తెప్పించారు.

ఏడో శతాబ్దంలో అవార్లు, స్లావుల దాడులకు సలోనా పాడైపోయింది. చెదిరిన జనంలో కొందరు ఈ గోడల మధ్య తలదాచుకుని స్థిరపడ్డారు. ఎవరికి దొరికిన గదిలో వారు అడ్డగోడ పెట్టుకున్నారు, మిద్దె వేసుకున్నారు, కిటికీ తెరుచుకున్నారు. చక్రవర్తి మందిరాల ముందున్న పెద్ద ముంగిలికి, అంటే పెరిస్టైల్‌కు, పడమటి పక్కన రోమన్ స్తంభాల వరుసనే మధ్యయుగపు కులీనుల ఇంటికి ముఖభాగంగా కలిపేసుకున్నారు. ఉత్తర ద్వారం మీద కావలివాళ్లు తిరిగే ఇరుకు నడవలో సెయింట్ మార్టిన్ చర్చి వెలిసింది; మనిషి చేతులు చాపితే రెండు గోడలూ అందేటంత సన్నని గుడి అది. క్రైస్తవులను హింసించిన చక్రవర్తి సమాధి మందిరమే కథీడ్రల్ అయింది. ఆయన హయాంలో ప్రాణాలర్పించిన సలోనా బిషప్ డోమ్నియస్ అక్కడ ఆరాధ్యుడు. జూపిటర్ ఆలయం జ్ఞానస్నాన మందిరమైంది.

వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది నేలమాళిగ. నేల సముద్రం వైపు వాలుగా ఉండటంతో, దక్షిణాన కమాను కప్పుల గదులు కట్టి, వాటి మీద చక్రవర్తి మందిరాలను లేపారు. కింది గోడల మీదే పై గోడలు లేచాయి గనుక రెంటి ప్లానూ దాదాపు ఒకటే. పైభాగం చాలావరకు పోయింది. కిందిభాగాన్ని మాత్రం పై ఇళ్లవాళ్లు తరతరాలుగా చెత్తతో నింపారు. ఆ చెత్తే కప్పులకు ఆసరా అయింది. ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని తవ్వి తీసి, కింది గదులను బట్టి పైన పోయిన మందిరాల ప్లానును చదవగలిగారు.

1757లో స్కాట్లండ్ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ ఇక్కడ కొలతలు తీసి, 1764లో గొప్ప చిత్రసంపుటం ప్రచురించాడు. భవనం మొదట ఎలా ఉండేదో చూపే చిత్రాల్లో ఆయనకు కావలసింది చక్రవర్తి ఇల్లు. తర్వాతి కాపురాలకు అక్కడ చోటు లేదు. స్ప్లిట్ ఆస్ట్రియా పాలనలో ఉన్న 1903లో, వియన్నా కళాచరిత్రకారుడు అలోయిస్ రీగ్ల్ ఈ ఆవరణలోని మధ్యయుగపు, తర్వాతి కాలపు కట్టడాల పక్షాన నివేదిక రాశాడు. రోమన్ పొరను శుభ్రంగా బయటపెట్టాలని మిగతా పొరలను కూల్చడం చరిత్రకు మేలు కాదన్న దృష్టి అది. 1979లో యునెస్కో గుర్తింపు కూడా భవనంతో పాటు ఆ చారిత్రక నగరభాగానికంతటికీ దక్కింది.

వాస్తుకళా విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. రేపు మన మండువా లోగిలిలోనో, హైదరాబాదు దేవిడీలోనో మీరు అడుగుపెట్టినప్పుడు, అన్నదమ్ముల పంపకాల్లో లేచిన అడ్డగోడను వికారమని కొట్టిపారేయకండి. దాన్ని కూడా కొలవండి, ప్లానులో గీయండి, ఎప్పుడు ఎందుకు లేచిందో ఆ ఇంటివాళ్లను అడిగి రాసుకోండి. కప్పు కారితే బాగుచేసుకునే వీలు వాళ్లకు కల్పించడమే సంరక్షణలో మొదటి పని. కాపురమున్నవాళ్లను వెళ్లగొట్టి కట్టడాన్ని కాపాడాలనుకునే పథకాన్ని, ఎంత అందమైన నమూనాతో వచ్చినా, గట్టిగా ప్రశ్నించండి. ఆచార్యులవారి స్మృతికి మనం చెల్లించగల నివాళి అదే.