కుక్కపిల్లకు మంచి నడత - గ్రామమునకు క్షేమము

(కోనసీమ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)

 

రోడ్లు, మంచినీరు, వీధి దీపములను గూర్చి చర్చించు సభలో కుక్కపిల్లల పెంపకమును గూర్చిన ప్రసంగమేమని మీలో కొందరికి తోచవచ్చును. కాని కుక్క కరచిన బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగిడు తల్లిని చూచినవారు దీనిని అల్పవిషయమని అనజాలరు.

వీధికుక్కలను గూర్చి మనము తరచుగా మాట్లాడుకొందుము. ఇంటికుక్కను గూర్చి తలచుట తక్కువ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కొబ్బరితోటల నడుమ నున్న లోగిళ్ళలో తెల్లని చిన్న బొచ్చుకుక్కను పెంచుకొనువారు కలరు. దానిని మనవారు పమేరియన్ అందురు. మన దేశములో ఆ పేరుతో పిలువబడు వానిలో పెక్కు నిజమునకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. "చిన్నదే గదా, ఏమి చేయును?" అని దానిని గారాబము చేయుదురు. చిక్కంతయు అచ్చటనే మొదలగును. ఆకారము చిన్నదైనను దాని పట్టుదల చిన్నది కాదు.

పొట్టికాళ్ళ డాక్స్‌హుండ్ జాతిని చూడుడు. బొరియలలో దూరి జంతువులను వెడలగొట్టుటకై దానిని జర్మనీలో పెంచిరి. చీకటి బొరియలో యజమాని సైగ కానరాదు. తన నిర్ణయము తానే చేసికొనవలెను. అట్టి జాతికి మొండితనము దోషము కాదు, వృత్తిధర్మము. దానిని కఱ్ఱతో విరుగగొట్టబోయిన కరచుట నేర్చును. ఓర్పుతో దారి మళ్ళించిన మంచి కాపలాదారగును.

మొక్కై వంగనిది మానై వంగదని మన పెద్దలు చెప్పిరి. పిల్లను 8 వారములు నిండకుండ తల్లి నుండి వేరుచేయరాదు. ఎంత గట్టిగా కరచిన ఎదుటివారికి బాధ కలుగునో అది తోడిపిల్లలతో ఆడుకొనుచునే తెలిసికొనును. 3 వారముల నుండి సుమారు 12 వారముల వరకు గల కాలము మిక్కిలి విలువైనదని స్కాట్, ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. ఆ వయస్సున పరిచయమైనవారు దానికి ఆత్మీయులు. పరిచయము కానివారు శత్రువులుగా తోతురు. కనుక దింపు తీయువానిని, కాయలు ఒలుచు కూలీలను, తపాలా బంట్రోతును, చేతికఱ్ఱతో నడచు వృద్ధులను, బడిపిల్లలను, ఆవులను, కోళ్ళను దానికి నెమ్మదిగా చూపవలెను. కొబ్బరికాయ పడు చప్పుడునకును, మోటారు సైకిలు మ్రోతకును అలవాటు చేయవలెను. టీకాలు పూర్తియగువరకు వీధిలో నేలపై తిప్పక, ఎత్తుకొని చూపుట క్షేమము.

ఇక నేర్పు విధానము. "రా", "కూర్చో", "ఆగు", "వదులు" - ఈ నాలుగు మాటలు చాలును. ఇంటిల్లిపాది అదే మాట వాడవలెను. తాతగారు వద్దన్నదానిని మనుమడు ముద్దుచేసి ఇచ్చినచో కుక్క ఎవరి మాటయు వినదు. చెప్పినట్లు చేసిన ఆ క్షణమందే ఉడికిన గ్రుడ్డు ముక్కను చిక్కుడుగింజంత పెట్టి మెచ్చుకొనవలెను. ఆలస్యముగా పెట్టినది దేనికి బహుమానమో దానికి తెలియదు. ఒక్కొక్క పాఠము 5 నిమిషములకు మించరాదు. బొచ్చుజాతికి ఎండ, ఉక్క సరిపడవు గనుక ఉదయము, సాయంకాలము మాత్రమే నేర్పవలెను.

నిద్ర లేచినంతనే, తిన్న వెంటనే పిల్లను పెరటిలోనికి తీసికొని పోయినచో ఇల్లు పాడుచేయదు. పాలపండ్లు ఊడి కొత్తపండ్లు వచ్చు నెలలలో అది చేతులు, చెప్పులు కొరుకును. నవ్వుచు చేయి అందీయరాదు. ఆట మాని, కొరుకుటకు వేరొక వస్తువు నీయవలెను. తినుచున్న కుక్క చెంతకు పసివారిని పోనీయరాదు. రేయింబవళ్ళు గొలుసుతో కట్టి, రెచ్చగొట్టిన కాపలాకు పనికివచ్చునను నమ్మకము తప్పు. అట్టి కుక్క దొంగను, పొరుగింటి బిడ్డను ఒక్కరీతినే కరచును.

ఎంత మంచి కుక్కకైనను టీకా తప్పదు. మూడవ నెలలో రేబిస్ టీకా వేయించి, పిమ్మట పశువైద్యుడు చెప్పినట్లు, ఏటేటను మరల వేయించవలెను. మానవులకు సోకు రేబిస్‌లో 99 శాతము వరకు కుక్కల వలననే వచ్చుచున్నదనియు, అనుమానాస్పద జంతువుల కాటుకు గురియగు వారిలో 40 శాతము 15 ఏండ్లలోపు బాలబాలికలేననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. లక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసాధ్యము. కనుక చిన్నకుక్క గీరినను ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు.

సభ్యులారా! 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలను అనుసరించి వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకాల బాధ్యత పంచాయతీలతో సహా స్థానిక సంస్థలపై నున్నది. పెంపుడుకుక్క బాధ్యత యజమానిది. ఈ రెండింటిని కలుపునది మీరే. నేటి వీధికుక్కలలో కొన్ని నిన్నటి ఇంటికుక్కలు లేక వాని సంతానము. ముద్దు తీరిన పిమ్మట కాలువగట్టున విడిచిన పిల్ల రేపు ఊరికి భారమగును.

కావున మీ గ్రామమున పెంపుడుకుక్కల పట్టిక నొకటి వ్రాయించుడు. ప్రతి కుక్కకును టీకా వేసిన తేదీ అందుండవలెను. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినము. పశువైద్యశాఖ వారి సహాయముతో ఆనాడు టీకాల శిబిరము నడపుడు. పిల్లలు అక్కరలేనివారు కుక్కకు శస్త్రచికిత్స చేయించునట్లు ప్రోత్సహింపుడు. కుక్క చెంత మెలగవలసిన తీరును బడిలో చెప్పించుడు. వీనికి పెద్ద ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును.

ఒక ఇంటివారు మూడు నెలలు ఓర్పు వహించి నేర్పిన నడత పది పన్నెండేండ్లు వీధికంతకును మేలుచేయును. ఆ మేలు మీ గ్రామమునకు కలుగుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.